లైట్లు ఉంచండి, ఒక్క స్టిల్

నా జేబు కెమెరాకి వయసైపోయింది. స్విచ్చి నొక్కితే ముక్కు బయటికి పెట్టడానికి ఒక ఆలోచన, పెట్టిన ముక్కు లోపలికి తీసుకోవడానికి ఇంకో ఆలోచన చేస్తోంది. అదే కంపెనీ అదే కెమెరాకి కొత్త మోడల్ తెచ్చిందనీ, పాతది ఇచ్చి కొత్తది తీసుకోవచ్చనీ ఎవరో చెబితే, పోయిన వారం జూబ్లీ హిల్స్‌లో దుకాణానికి వెళ్ళాను.

అక్కడ అమ్మే ఆయనకి నాకంటే గడ్డం ఎక్కువ, జ్ఞానం ఇంకా ఎక్కువ. కొత్తదాన్ని మెత్తటి గుడ్డ మీద పెట్టి, పెళ్ళిచూపుల్లో మేనమామ పిల్ల గురించి చెప్పినట్టు మొదలుపెట్టాడు. మనిషి కన్ను ఎక్కడున్నా వెతికి పట్టుకుంటుందట. కళ్ళజోడు పెట్టుకున్నా వదలదట. వెనక తెర పైకీ కిందికీ వంగుతుందట, కింద నుంచి తీయాలంటే మనం కూర్చోనక్కర్లేదట. ఇన్నేళ్ళుగా పెళ్ళిపీటల ముందూ సినిమా సెట్లలోనూ కూర్చుని లేచిన నా మోకాళ్ళు ఆ మాట విని నాకంటే ముందే కొనేశాయి. బ్యాటరీ కాస్త లావెక్కింది. ఫ్లాష్ తీసేశారు. ఎందుకు తీసేశారని అడిగితే, ఇప్పుడు చీకట్లోనూ కనిపిస్తుంది కదా అన్నాడు. నిజమే. పని చేసుకునేవాడికి ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. నాకు వంక పెట్టకపోతే అన్నం అరగదు కాబట్టి కొంచెం వెతికాను, దొరకలేదు.

చివరికి ఆయన గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

"అన్నిటికన్నా పెద్ద ముచ్చట ఏందంటే అన్నా, చప్పుడు అసలే రాదు. ఫొటో తీసినట్టు ఎవ్వరికీ తెల్వది. మీరు గాడ ఉన్నట్టు గూడ తెల్వది."

ఆ చివరి మాట దగ్గర నా చెయ్యి ఆగింది. పాత కెమెరా ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది. అది నేను కొన్నది కాదు.

సెట్లో ఎవరి పేరుతోనూ ఎవరికీ పనుండదు. కెమెరా, మేకప్, ఆర్ట్, సౌండ్ అని పని పేరే మనిషి పేరు. నాకా జేబు కెమెరా ఇచ్చిన పెద్దాయన్ని 'స్టిల్స్' అనేవారు. తల నెరిశాక 'గారు' తగిలించారు. నేను మాత్రం పెద్దసారు అనేవాణ్ణి. మొదటిరోజు నా పేరు అడిగితే, నేను కంగారులో మోతీనగర్‌లో ఉంటానని చెప్పాను. "చాలయ్యా, అది గుర్తుంటుంది," అన్నాడు. అప్పట్నుంచీ నేను మోతీనగర్‌నే. తర్వాత ఎన్నిసార్లు చెప్పినా నా పేరు ఆయన నోటికి ఎక్కలేదు.

చూడ్డానికి చిన్న మనిషి. నాలుగు జేబుల తెల్ల చొక్కా, అందులో మూడు జేబులు ఎప్పుడూ ఖాళీ. నాలుగో దాంట్లో అద్దం తుడిచే నూలు గుడ్డ. ఆ గుడ్డని ఎంత మర్యాదగా మడిచేవాడంటే, అది ఎవరిదో పట్టుచీరేమో అనుకున్నాను చాలాకాలం. పాత పంచె ముక్కట.

సెట్ల గురించి తెలియని వాళ్ళకి ఆయన పనేమిటో చెప్పాలి. సినిమా కెమెరా కదిలే బొమ్మ తీస్తుంది. పోస్టరుకీ పేపరుకీ కావలసిన కదలని బొమ్మ తీసేవాడు వేరే ఉంటాడు. షాట్ నడుస్తుండగా తీయడానికి లేదు, ఆ కెమెరాలకి చప్పుడెక్కువ, నటుల ధ్యాస చెదురుతుంది. షాట్ ఓకే అయ్యాక, హీరో ఇంకా ఆ ఏడుపులోనో కోపంలోనో ఉండగానే, లైట్లు ఆరకముందే, మూడు నాలుగు క్షణాలు ఆయనవి. డైరెక్టరు కట్ చెప్పిన మరుక్షణం ఈ చిన్న మనిషి ఎడమచెయ్యి పైకెత్తేవాడు, బస్సు ఆపినట్టు. "లైట్లు ఉంచండి. ఒక్క స్టిల్ బాబూ."

అంతే, అందరూ ఆగేవారు. ఎంత పెద్ద హీరో అయినా, బయట కారు తలుపు తీసి డ్రైవరు నిలబడి ఉన్నా, ఆగేవాడు. నిచ్చెన మీద లైట్‌మన్ నోట్లో తిట్టుకుంటూ ఆగేవాడు. చెమట తుడవడానికి పరిగెత్తిన మేకప్ మనిషి సగంలో ఆగేవాడు. ఆయన తీరిగ్గా నడిచి వెళ్ళి, సినిమా కెమెరా ఎక్కడుందో సరిగ్గా అక్కడే, దాని అద్దం ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి, ఒక్కటే నొక్కేవాడు. కెమెరా కిందికి దించి, "కదలొచ్చు," అనేవాడు. ఆ మాటయ్యాకే సెట్టు మళ్ళీ ప్రాణం పోసుకునేది.

రెండోది తీయగా నేను చూడలేదు. కళ్ళు మూసుకుపోయి ఉంటే ఏం చేస్తారని అడిగాను ఒకసారి.

"ఒక్క స్టిల్ అని కదా అడిగాను. రెండు తీస్తే అబద్ధమాడినట్టే. రేపు చెయ్యెత్తితే ఎవడాగుతాడు?"

నేను ఎనిమిదో తరగతితో బడికి నమస్కారం పెట్టినవాణ్ణి. తొమ్మిదో తరగతి నన్ను చూడలేదు, నేను దాన్ని చూడలేదు. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీస్తూ తీస్తూ, షూటింగు ఎలా జరుగుతోందో చూపించే మేకింగ్ ఫొటోల పని దొరికి ఫిల్మ్ నగర్‌లో పడ్డాను. ఒక్కటి నొక్కమంటే నలభై నొక్కే రకం. ఆయన ఒక్కటి నొక్కడం చూస్తే నాకు ఒళ్ళంతా దురద పుట్టేది.

మధ్యాహ్నం ప్రొడక్షన్ వాళ్ళ భోజనం వచ్చాక ఇద్దరం ఒక పక్కకి పోయేవాళ్ళం. ఆయన గోడవైపు తిరిగి తినేవాడు. ఎందుకంటే, తినేటప్పుడు మనుషుల ముఖాలు చూస్తే పని గుర్తొస్తుందట. పెరుగన్నంలోకి వచ్చిన ఊరమిరపకాయ నాకోసం అంచున పెట్టేవాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఒకరోజు ఆ మిరపకాయ కొరుకుతూ అడిగాను. ఆయన గోడనే చూస్తూ, "అడిగానయ్యా. ఒక్క స్టిల్ అన్నాను. ఆవిడ కదిలింది," అన్నాడు. నేను నవ్వీ నవ్వీ పొలమారాను. ఆయన నీళ్ళు అందించాడు. ఆయన నవ్వలేదని నీళ్ళు తాగాక గమనించాను.

ఫిల్మ్ నగర్‌లో ఒక మేడమీది గదిలో ఉండేవాడు. గోడకి ఒక మేకు, మేకుకి క్యాలెండరు. ఇంతమందిని ఫొటోలు తీసినవాడు ఒక్కటైనా పెట్టుకోకపోవడమేమిటని వేళాకోళం చేశాను. పనిలో ఎలాగూ ఆపుతున్నాను, ఇంట్లో కూడా వాళ్ళని నిలబెట్టడం ఎందుకన్నాడు.

తర్వాత సెట్ల మీదే మాటలు రికార్డు చేయడం ఎక్కువైంది. తర్వాత డబ్బింగు చెప్పుకోవడం కాదు, నటులు అక్కడ పలికిన మాటే సినిమాలోకి పోతుంది. కాబట్టి సెట్లో ఎవడూ దగ్గకూడదు. సౌండ్ ఆయన తలకి రెండు గిన్నెలు బోర్లించుకున్నట్టు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎక్కడ చీమ నడిచినా అటు చూసేవాడు. షాట్ల మధ్య ఖాళీ కూడా తగ్గిపోయింది. ఓకే అన్న మరుక్షణం నటులు క్యారవాన్ ఎక్కేవారు. స్టిల్స్ కూడా టేక్ నడుస్తుండగానే తీసుకోమన్నారు, చప్పుడు లేకుండా. చప్పుడు చేసే కెమెరాతో చప్పుడు లేకుండా ఎలా తీయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆయన ఒక ఉపాయం చేశాడు. దర్జీ దగ్గర కెమెరాకి బొంత కుట్టించాడు. దూది దట్టించిన గళ్ళ గుడ్డ, ముందు అద్దానికి ఒక కన్నం, వెనక కంటికి ఒక కన్నం, పక్కన చెయ్యి దూర్చడానికి సంచిమూతి. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని సెట్లోకి వస్తుంటే చూడాలి. నెలల పిల్లని టీకాకి తీసుకొచ్చినట్టు ఉండేది. నాకు పండగైపోయింది. రోజూ ఎదురెళ్ళి, "పెద్దసారూ, బిడ్డకి పాలు పట్టిండ్రా?" అని అడిగేవాణ్ణి. ఆయనకీ ఆ ఆట బాగానే ఉండేది. "పట్టానయ్యా, ఇప్పుడే పడుకుంది, లేపకు," అనేవాడు.

అంత చేసినా బొంతలోంచి 'టప్' మని వినిపించేది. సౌండ్ ఆయన రెండు గిన్నెలూ ఇటు తిప్పేవాడు. మూడోసారి అలా తిప్పిన రోజున నేనే చెప్పాను.

"పెద్దసారూ, గీ బొంతతోని ఎన్ని దినాలు గుంజుతరు? చిన్నది తీసుకోండ్రి. జేబుల వడుతది, చప్పుడు రాదు, ఎవ్వల్ని అడుగుడు ఉండది."

నేనే వెంటబెట్టుకుని దుకాణానికి తీసుకెళ్ళాను, నేనే ఏరాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని ఒకసారి నొక్కాడు. ఫొటో పడిందా అని నన్నడిగాడు. పడిందన్నాను. నాకు వినపడలేదే అన్నాడు. నేను మెనూలోకి వెళ్ళి చూపించాను, ఇందులో ఉత్తుత్తి చప్పుడు ఒకటి ఉంటుంది, పెట్టుకుంటే టక్కుమంటుంది, పనికి అడ్డమని తీసేశానని. ఆయన తలాడించాడు. ఆ మెనూ ఆయనకి అర్థం కాలేదని తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ఆ రోజు ఎంత గర్వంగా ఉందో. పెద్దాయన కష్టం తీర్చానని మోతీనగర్ దాకా ఈల వేసుకుంటూ పోయాను.

కెమెరా మంచిదే. ఫొటోలు అద్భుతంగా వచ్చేవి. టేక్ నడుస్తుండగానే లైట్ స్టాండు పక్కనో తలుపు సందులోనో నిలబడి, పని చక్కబెట్టేవాడు. చెయ్యెత్తడం ఆగిపోయింది. ఎవరూ ఆయన కోసం ఆగనక్కర్లేదు. ఆగనక్కర్లేదు కాబట్టి ఆయన వైపు చూడనక్కర్లేదు. మెల్లగా ఏం జరిగిందంటే, ఆయన వచ్చాడా లేదా అన్నది కూడా ఎవరికీ తెలియకుండా పోయింది.

ఒకరోజు జూబ్లీ హిల్స్‌లో షూటింగులకిచ్చే ఒక పెద్ద బంగళాలో పని. మధ్యాహ్నం భోజనాల లెక్కలో ఆయన్ని మరిచిపోయారు. కోపంతో కాదు, కక్షతో కాదు. కనపడలేదంతే. నా విస్తట్లోది సగం పెడతానంటే వద్దని, కాస్త మజ్జిగ తాగాడు. సాయంత్రం యూనిట్ వ్యాను ఆయన్ని ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది. నేను బండి తీసుకుని బయటికి వస్తుంటే బంగళా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆ ఇంటివాళ్ళ కార్లని డ్రైవరు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. దింపుతాను రమ్మన్నాను. బండి ఎక్కుతూ అన్నాడు.

"అందరూ తిట్టుకునేవారయ్యా నన్ను, గుర్తుందా? లైట్లవాడు మరీను."

గుర్తుంది అన్నాను. తిట్లు గుర్తొస్తే మనిషి ముఖం అంత వెలగడం నేను బండి అద్దంలో చూశాను. అప్పుడైనా నాకు అర్థం కావాలి. కాలేదు. నా బుర్ర ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయిందని చెప్పాను కదా.

కొన్నాళ్ళకి, అదే సినిమాకి, అదే బంగళా హాల్లో, కొడుకు తండ్రిని నిలదీసే సీను. ఆ రోజు ఆయన పాత పెద్ద కెమెరాతో వచ్చాడు, బొంతతో సహా. టేకంతా బొంతని గుండెకి ఆనించుకుని ఊరికే నిలబడ్డాడు. షాట్ బ్రహ్మాండంగా వచ్చింది. డైరెక్టరు కట్ చెప్పి, ఓకే అన్నాడు.

ఎడమచెయ్యి పైకి లేచింది.

"లైట్లు ఉంచండి. ఒక్క స్టిల్ బాబూ."

హీరో కొత్తవాడు. ఆ మాట పుట్టి బుద్ధెరిగి విని ఉండడు. అయినా ఆ గొంతులో ఏముందో, కన్నీళ్ళతో అలాగే ఆగిపోయాడు. లైట్‌మన్ చెయ్యి స్విచ్చి మీద ఆగింది. హాల్లో నలభైమందిమి ఆగాం. ఆయన బొంతలో చెయ్యి దూర్చి, సినిమా కెమెరా ఉన్న చోటికి నడవడం మొదలుపెట్టాడు, తీరిగ్గా, పాతరోజుల్లోలాగే. ఆరడుగులు ఉంటుందేమో. మూడో అడుగులో ఉండగా నా నోరు ఊరుకోలేదు.

"బాబూ, పెద్దసారు బిడ్డ లేసింది. జర జోల పాడుండ్రి."

హాలు పగిలిపోయేలా నవ్వారు. హీరో కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ, ఎవరో అందించిన ఫోను తీసుకుని క్యారవాన్ వైపు వెళ్ళిపోయాడు. లైట్లు ఆరాయి. నా జన్మలో నేను వేసిన జోకుల్లో అంతమంది ఒక్కసారిగా నవ్వింది అదే.

ఆయన మిగతా మూడడుగులూ నడిచాడు. సరిగ్గా ఆ చోటే నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి, ఎవరూ లేని సోఫా వైపు ఒక్కటి నొక్కాడు. కెమెరా దించి, "కదలొచ్చు," అన్నాడు, పక్కనున్నవాడికి కూడా వినిపించనంత మెల్లగా. నేను పక్కనే ఉన్నాను కాబట్టి పెదవులు చూసి తెలుసుకున్నాను.

ఆ సినిమాకి ఆయన మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. వారం తర్వాత నేనే గదికి వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే వెళ్ళాను. తలుపు తీసి, లోపలికి రమ్మని, టీ పెట్టాడు. నేను ప్రొడక్షన్ మేనేజర్ కొత్త విగ్గు గురించి చెప్పాను. ఎండల గురించి చెప్పాను. ఆయనే ఆ సంగతి తీశాడు.

"బాగా అన్నావయ్యా ఆ రోజు. చాలాకాలానికి నా వంక చూశారు అందరూ."

నేను గ్లాసులోకి చూశాను. ఆయన లేచి జేబు కెమెరా తెచ్చి నా ముందు పెట్టాడు. తీసుకోమన్నాడు. నాకెందుకన్నాను.

"ఫొటో తీయడం కెమెరా చూసుకుంటుంది మోతీనగర్. నేను ఇన్నేళ్ళూ చేసిన పనల్లా అడగడం. దీనికి ఎవర్నీ అడగక్కర్లేదు, నీ చేతిలో బాగుంటుంది."

దెప్పుతున్నాడేమోనని ముఖంలోకి చూశాను. దెప్పడం కాదు. నిజంగానే నాకు పనికొస్తుందని ఇస్తున్నాడు. క్షమించండి పెద్దసారూ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడ అలవాటుగా కూర్చుని ఉన్న వేళాకోళాన్ని చూసి వెనక్కి పోయింది. "బొంత గూడ ఇస్తే చలికాలం కప్పుకుంట," అన్నాను. ఆయన నవ్వాడు. నేను వచ్చేశాను.

ఇంటికొచ్చి ఆ కెమెరా నొక్కితే, టక్కుమని పెద్దగా మోగింది. ఉత్తుత్తి చప్పుడు పెట్టి ఉంది, ఉన్నంతలో ఎక్కువ స్థాయికి పెంచి. సెట్లో అలా మోగి ఉంటే సౌండ్ ఆయన ఊరుకునేవాడు కాదు. అంటే గదిలో ఒక్కడే ఉన్నప్పుడు, ఆ అర్థంకాని మెనూలో వెతుక్కుని వెతుక్కుని, పెట్టుకున్నాడన్నమాట. నాకు మర్నాడు పనుంది. తీసేశాను.

పోయిన వానాకాలం మా ఫోన్ గ్రూపులో 'స్టిల్స్ గారు ఇక లేరు' అని ఒక ముక్క వచ్చింది. అందరూ దండాలు పెట్టారు. ఎవరో, ఏ స్టిల్స్ అని అడిగారు. ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ముగ్గురూ వేరే మనుషుల గురించే చెబుతున్నారు. నేను వెళ్ళేసరికి, చెల్లెలివాళ్ళు వచ్చి ఆయన్ని తమ ఊరికి తీసుకుపోయి చాలా రోజులైందని ఇంటావిడ చెప్పింది. మేడమీది పిట్టగోడ మీద ఎవరిదో కొత్త తువ్వాలు ఆరుతోంది.

దుకాణంలో గడ్డం ఆయన ఇంకా చెయ్యి చాపే ఉన్నాడు, పాతది ఇస్తే చూస్తానని. జేబులోంచి తీశాను. ఆయన కళ్ళెదుటే మెనూలోకి వెళ్ళి, వెతికి, ఆ చప్పుడు పెట్టి, నొక్కాను. టక్. గడ్డం ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశాడు. దీని ఛార్జరు ఇంట్ల మరిచిపోయిన, మళ్ళీ వస్త అని చెప్పి బయటపడ్డాను. కొత్తది కొననని ఒట్టు పెట్టడం లేదు. మోకాళ్ళ పోరు పడలేక, మీరిది చదివేలోపు కొనేసినా కొనేస్తాను.

మర్నాడు ఫిల్మ్ నగర్‌లో పని. పెళ్ళి సీను తర్వాత ఇల్లంతా ఖాళీ అయ్యాక, నాయనమ్మ ఒక్కతే మంచం మీద కూర్చుని ఉండే షాట్. ఆ వేషం వేసిన పెద్దావిడ పాత నటి. షాట్ ఓకే అయింది. షాట్‌లో లేక పక్కన నిలబడ్డ హీరో హీరోయిన్లు అప్పటికే ఫోన్లలో ఉన్నారు. నా ఎడమచెయ్యి లేచింది. ఎత్తాక గానీ తెలియలేదు, ఆ చెయ్యి ఎంత బరువో.

"లైట్లు ఉంచుండ్రి. ఒక్క స్టిల్ అమ్మా."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎవడో కిసుక్కున నవ్వాడు, నేను కొత్త జోకు మొదలుపెట్టాననుకుని. అది నా సంపాదనే, ఎవర్నీ అనుకోవడానికి లేదు. హీరో హీరోయిన్లు వెళ్ళిపోయారు. రెండు లైట్లు ఆరాయి. ఒకటి ఉంది. ఆ ఒక్క వెలుగులో పెద్దావిడ మాత్రం, చెంప మీది నీటిచుక్కతో సహా, చూపు కూడా చెదరకుండా అలాగే కూర్చుంది. నేను నడిచి వెళ్ళి, సినిమా కెమెరా ఉన్న చోట నిలబడి, ఊపిరి బిగబట్టి నొక్కాను. టక్కుమంది. గది మూల దాకా వినిపించి ఉంటుంది.

కెమెరా దించాను. ఆవిడ కదల్లేదు. ఎందుకో నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పెదవులు కదిలీ కదలకుండా, చూపు తిప్పకుండానే అడిగింది.

"నాయనా, కదలొచ్చా?"

చెప్పాల్సిన మాట నాకు తెలుసు. ఎన్నిసార్లు విన్నానో. నోరు తెరిచాను, రాలేదు. ఆవిడ అలాగే ఉంది. ఆ మూలనున్న లైట్లవాడు ఆ ఒక్క లైటూ ఆర్పకుండా నా వైపే చూస్తున్నాడు.